అమెరికా కథ చెప్పడానికి ఒక్క పిస్టల్ ఎంచుకోవాలంటే: వాకరా, పీస్‌మేకరా, 1911 మోడలా?

మా అన్నయ్య కూతురు డాలస్ దగ్గర కాలేజీలో చదువుతోంది. అమెరికా చరిత్ర క్లాసులో వాళ్ళకు ఒక పని ఇచ్చారట. ఏదైనా ఒక్క వస్తువు ఎంచుకుని, దాని చుట్టూ ఈ దేశం కథ చెప్పాలి. ఒకమ్మాయి ముళ్ళతీగ తీసుకుంది. ఒకబ్బాయి కుట్టు మిషన్ తీసుకున్నాడు. మా పిల్ల పిస్టల్ తీసుకుంది. "రాయడం కష్టం కాదు బాబాయ్, ఏ పిస్టల్ అన్నదే తేలడం లేదు. ఎవరిని అడిగితే వాళ్ళు ఒక పేరు చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది" అని ఫోన్ చేసింది.

ఆ వారం మా ఇంట్లోనూ మూడు పేర్లు వినిపించాయి. యూటాలో ఉండే మా బావగారు 1911 మోడల్ అన్నారు. ఫీనిక్స్‌లో ఉండే తమ్ముడు పీస్‌మేకర్ అన్నాడు. డాలస్‌లో అన్నయ్య వాకర్ కోల్ట్ అన్నాడు. ముగ్గురూ ఎవరి రాష్ట్రం మాట వాళ్ళు చెప్పారు. తెలంగాణకు పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం అయినట్టే, ఇక్కడ కొన్ని రాష్ట్రాలు తుపాకీని కూడా రాష్ట్ర చిహ్నంగా పెట్టుకున్నాయి. 2011లో యూటా 1911 పిస్టల్‌ను ప్రకటించింది. ఒక రాష్ట్రం అలా చేయడం అదే మొదటిసారి. అదే ఏడాది అరిజోనా కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీని ఎంచుకుంది. మనం పీస్‌మేకర్ అని వినేది దాన్నే. 2021లో టెక్సస్ 1847 నాటి వాకర్ కోల్ట్‌ను ఎంచుకుంది. చట్టసభలే ఒక మాట మీద లేనప్పుడు పిల్ల తికమకపడటంలో వింత లేదు. తనకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. "ఏది గొప్ప పిస్టల్" అన్న ప్రశ్న వేరు, "ఏది అమెరికాకు అద్దం పడుతుంది" అన్న ప్రశ్న వేరు. మొదటిది ఇంజనీర్లు తేల్చగలరు. రెండోదానికి నేను మూడు విషయాలు చూస్తాను. అది చరిత్రలో నిజంగా ఏం చేసింది? దాన్ని తయారు చేసిన తీరులో ఈ దేశం కనిపిస్తుందా? జనం ఊహలో దానికి ఎంత చోటుంది? ఈ మూడింటితో పాటు ఇంకొకటి కూడా చూడాలి. ఆ గొట్టానికి ఎదురుగా నిలబడ్డ వాళ్ళ కథ కూడా దానిలో కనిపించాలి. గెలిచినవాళ్ళ కథ మాత్రమే చెప్పే వస్తువును ఒక దేశానికి ప్రతినిధి అని నేను అనలేను.

ముందుగా పక్కన పెట్టగలిగినవి

1804లో ఈ దేశ వ్యవస్థాపకుల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్‌ను అప్పటి ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ కాల్చిన ద్వంద్వయుద్ధపు పిస్టల్ పేరు చాలామంది చెబుతారు. ఘటన అమెరికాదే, పిస్టళ్ళు మాత్రం ఇంగ్లండ్‌లో తయారైనవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ దేశం ఆయుధాలకు పాత యజమాని మీదే ఎంతగా ఆధారపడిందో చెప్పడానికి పనికొస్తుంది, అంతకు మించి రాదు.

రెండోది డెరింజర్. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో అబ్రహాం లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చింది దీనితోనే. ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ చేసిన, అరచేతిలో ఇమిడిపోయే, ఒక్క గుండు మాత్రమే పేల్చే పిస్టల్ అది. ఇప్పటికీ ఆ థియేటర్ మ్యూజియంలో ఉంది. బానిసత్వాన్ని అంతం చేసిన అధ్యక్షుణ్ణి, యుద్ధం ముగిసిన వారం లోపలే బలిగొన్న వస్తువు. దాని ముందు నిలబడితే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. అయినా అది ఒక్క రాత్రి కథే చెబుతుంది, రెండు శతాబ్దాల కథ మోయలేదు.

మూడోది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29, పాయింట్ 44 మాగ్నమ్ అనే బలమైన తూటా పేల్చే పెద్ద రివాల్వర్ (పాయింట్ 44, 38, 45 అన్నవి గుండు వెడల్పును సుమారుగా అంగుళాల్లో చెప్పే అంకెలు). 1955లో వచ్చింది. 1971లో ఒక పోలీసు సినిమాలో కనిపించాక దుకాణాల్లో దొరకడమే కష్టమైందంటారు. జనం ఊహలో దానికి చోటుంది కానీ చరిత్రలో చేసిన పని తక్కువ.

వాకర్ కోల్ట్: అంతా మొదలైన చోటు

అన్నయ్య మాటలో బలం ఉంది. శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వర్‌కు పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. ఆరేళ్ళలో అది మూతపడింది. సైన్యం పెద్దగా కొనలేదు. కానీ ఆ ప్యాటర్సన్ రివాల్వర్లు కొన్ని టెక్సస్ చేరాయి.

అప్పటిదాకా గుర్రం మీద పోరాడేవాడి తుపాకీ ఒక్కసారే పేలేది. మందు కూరి, గుండు దట్టించి మళ్ళీ సిద్ధం చేసేలోపు ఆ మైదానాల ఆదివాసీ తెగ కమాంచీల యోధుడు గుర్రం మీంచే బాణం మీద బాణం వేయగలిగేవాడు. 1844లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ నాయకత్వంలో పదిహేను మంది టెక్సస్ రేంజర్లు (సరిహద్దు రక్షక దళం) తమకంటే ఎన్నో రెట్లున్న కమాంచీలను రివాల్వర్లతో ఎదుర్కొన్నారు. ఒకసారి కాల్చాక తుపాకీ ఖాళీ అవుతుందని అలవాటుపడిన కమాంచీలకు, ఆగకుండా పేలే ఆయుధం ఆ రోజు ఎదురైంది. మైదానాల్లో అప్పటిదాకా ఉన్న బలాబలాలు అక్కడి నుంచి తిరగబడ్డాయి.

ఆ పోరాటంలో గాయపడిన రేంజర్ శామ్యూల్ వాకర్, అమెరికాకూ మెక్సికోకూ యుద్ధం వచ్చాక కోల్ట్‌ను కలిసి, ఇంకా పెద్దది, ఇంకా బలమైనది కావాలన్నాడు. సొంత ఫ్యాక్టరీ లేని కోల్ట్ కనెక్టికట్‌లో ఎలీ విట్నీ జూనియర్ కార్ఖానాలో పని చేయించాడు. 1847లో సైన్యానికి వెయ్యి, బయటి వాళ్ళకు వంద తయారయ్యాయి. ఆరు గుళ్ళు, దాదాపు రెండు కిలోల బరువు, సుమారు నలభై సెంటీమీటర్ల పొడవు. నడుముకు కట్టుకునే బరువు కాదు కాబట్టి గుర్రపు జీనుకే తగిలించేవారు. మందు ఎక్కువైతే గుళ్ళు నింపే సిలిండర్లు పగిలిపోయేవి. వాకర్ అదే ఏడాది మెక్సికోలో చనిపోయాడు. ఆ ఆర్డరుతో కోల్ట్ మాత్రం నిలదొక్కుకున్నాడు.

నన్ను ఎక్కువ కదిలించింది దాని సిలిండర్ మీద చెక్కిన బొమ్మ. రేంజర్లు గుర్రాల మీద కమాంచీలను తరుముతున్న దృశ్యం అది. ఒక జాతి ఓటమిని ఆ ఓటమి తెచ్చిన ఇనుము మీదే అలంకారంగా చెక్కారు. పడమటికి విస్తరించడమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే వస్తువు ఇంకొకటి నేను చూడలేదు.

కానీ తయారైనవి పదకొండు వందలే. సామాన్యుడి చేతికి వచ్చింది కాదు. 2018లో ఒక వాకర్ వేలంలో పద్దెనిమిది లక్షల డాలర్లకు పైగా పలికింది. అందుకే దీన్ని విత్తనం అంటాను, చెట్టు అనను. మీరు రాసేది టెక్సస్ గురించో, కమాంచీల గురించో, మెక్సికో యుద్ధం గురించో అయితే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే తీసుకోండి. దేశం మొత్తం గురించి అయితే ఇది చాలదు.

1911: బావగారి పిస్టల్

తయారీ కథ కావాలంటే దీన్ని మించింది లేదు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. పడమటి ఎడారి అంచున ఒక చిన్న ఊరి పనివాడు ప్రపంచం చేతిలోని ఆయుధాల రూపాన్నే మార్చేశాడు. ఆయన పేరు మీద 128 పేటెంట్లున్నాయి.

ఈ పిస్టల్ ఎందుకు పుట్టిందో చాలామంది చెప్పరు. 1898 తర్వాత అమెరికా ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించింది. దక్షిణాన అక్కడి ముస్లిం తెగలైన మోరోల యోధులు ఎదురుతిరిగారు. సైన్యం దగ్గరున్న పాయింట్ 38 రివాల్వర్ గుళ్ళు తగిలినా వాళ్ళు ఆగలేదు. పాత పాయింట్ 45 కోల్ట్‌లను గోదాముల్లోంచి తీసి, గొట్టాలు కురచ చేసి పంపారు. ఆ అనుభవంతో పాయింట్ 45 సైజులోనే కొత్త పిస్టల్ కావాలని సైన్యం పట్టుబట్టింది. అంటే ఇది సామ్రాజ్యపు యుద్ధంలో పుట్టిన పిస్టల్. దీని గురించి రాసేవాళ్ళు ఆ మాట దాటవేయకూడదు.

పరీక్షలో బ్రౌనింగ్ పిస్టల్ 6,000 గుళ్ళు పేల్చింది. వేడెక్కినప్పుడు నీళ్ళలో ముంచి మళ్ళీ పేల్చారు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. 1911 మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. 1985లో ఇటలీ వాళ్ళ బెరెట్టా వచ్చేదాకా 74 ఏళ్ళు అదే కొనసాగింది. మొదటి ప్రపంచ యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం, అన్నిటిలోనూ అదే. సైన్యం కోసం తయారైనవి దాదాపు 27 లక్షలు.

మన పాఠకులకు తప్పకుండా నచ్చే ముచ్చట ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిస్టల్‌ను ఎవరెవరు చేశారో చూడండి. అందరికంటే ఎక్కువ చేసింది టైపు మిషన్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్. రైల్వే సిగ్నళ్ళ కంపెనీ ఒకటి చేసింది. కుట్టు మిషన్ల సింగర్ 500 చేసింది. మన ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసై ఉద్యోగాలు తెచ్చుకున్న తరానికి రెమింగ్టన్ పేరు బాగా తెలుసు. ప్రతి దర్జీ కొట్టులో, పెళ్ళిసారెలో సింగర్ మిషన్ ఉండేది. ఆ రెండు పేర్లూ ఒక సైనికుడి పిస్టల్ మీద ఉన్నాయని తెలిసిన రోజు నేను చాలాసేపు అదే ఆలోచించాను. ఇంకో మెలిక కూడా ఉంది. రెమింగ్టన్ టైపు మిషన్ పుట్టిందే తుపాకుల కంపెనీలో. కుట్టు మిషన్లు కూడా చేసే రెమింగ్టన్ తుపాకుల కంపెనీ 1873లో టైపు మిషన్ తయారీకి ఒప్పుకుంది. అరవై, డెబ్భై ఏళ్ళ తర్వాత ఆ టైపు మిషన్ల వారసులే పిస్టళ్ళు చేశారు. ఒకేలాంటి విడిభాగాలు లక్షల్లో చేసి ఎక్కడైనా బిగించగలగడమే అమెరికా పారిశ్రామిక బలం. అది మీ వ్యాసానికి విషయమైతే 1911 తీసుకోండి, నిశ్చింతగా.

నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఇది సైనికుడి పిస్టల్. దీని కథ ఎక్కువగా సముద్రాల అవతల జరిగింది. ఇంటి లోపలి అమెరికా, వీధిలోని అమెరికా దీనిలో తక్కువగా కనిపిస్తుంది.

ఎవరూ చెప్పని పేరు ఒకటి

ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టనిది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. 1899లో వచ్చిన పాయింట్ 38 రివాల్వర్. అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం అమెరికా పోలీసు నడుముకు వేలాడింది ఇదీ, దీన్ని పోలినవే. బ్యాంకు కాపలాదారు, రాత్రి కిరాణా కొట్టు మూసేవాడు, జైలు వార్డరు, అందరి చేతుల్లోనూ ఉండేది. దాని మీద పాటలు రాలేదు, ఏ రాష్ట్రమూ దాన్ని చిహ్నంగా పెట్టుకోలేదు. లెక్కకు వస్తే మాత్రం నిత్యజీవితంలో అమెరికన్లు ఎక్కువగా చూసిన పిస్టల్ బహుశా ఇదే. పోలీసు వ్యవస్థ గురించి, నగరాల గురించి, జాతి వివక్ష గురించి రాసేవాళ్ళకు దీనంత సరైనది లేదు. నా మనసులో రెండో స్థానం దీనిదే, 1911 కంటే కూడా ముందు.

గ్లాక్ పిస్టల్ సంగతి కూడా అడుగుతారు. ఆస్ట్రియాలో పుట్టింది, 1982లో ఆ దేశ సైన్యం తీసుకుంది. 1980ల మధ్యలో జార్జియాలోని స్మిర్నాలో అమెరికా కంపెనీ పెట్టారు. ప్లాస్టిక్ ఫ్రేము వల్ల విమానాశ్రయం స్కానర్లకు దొరకదని జనం భయపడ్డారు. నిజానికి దానిలో ఉక్కు బాగానే ఉంది. 1986లో మయామీలో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత పోలీసులు రివాల్వర్లు వదిలి ఎక్కువ గుళ్ళు పట్టే పిస్టళ్ళ వైపు మళ్ళారు. గ్లాక్‌కు దారి అక్కడ తెరుచుకుంది. ర్యాప్ పాటల్లో ఆ పేరు మారుమోగింది. పరాయి దేశంలో పుట్టింది కదా అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. బయటి నుంచి వచ్చి ఇక్కడిదైపోవడం కూడా అమెరికా కథే, మనవాళ్ళకు అది వేరే చెప్పాలా? కానీ దానికి ఇంకా నలభై ఏళ్ళే. ఈనాటి అమెరికా గురించి రాస్తే అది సరిపోతుంది.

నా తీర్పు: 1873 కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ

తమ్ముడు చెప్పిన పేరే నేనూ చెబుతున్నాను, కానీ వాడు చెప్పిన కారణానికి కాదు. "సినిమాల్లో చూసేది అదే కదా అన్నయ్యా" అన్నాడు వాడు. సగం కారణం అదే. మిగతా సగం ఆ సినిమాకూ నిజానికీ మధ్య ఉన్న దూరం. ఆ దూరం కూడా ఈ పిస్టల్ మీదే కనిపిస్తుంది.

ముందు వస్తువు గురించి. శామ్యూల్ కోల్ట్ 1862లోనే చనిపోయాడు. కంపెనీ ఆయన భార్య ఎలిజబెత్ చేతికి వచ్చింది. 1864లో ఫ్యాక్టరీ కాలిపోతే ఆమె మళ్ళీ కట్టించింది. పీస్‌మేకర్ ఆమె హయాంలో పుట్టింది. రేకు తూటాలు వాడే విధానం మీద పోటీ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉన్న పేటెంట్ 1869లో ముగిసేదాకా కోల్ట్ కంపెనీ ఆగాల్సి వచ్చింది. ఆగి చేసిన ఈ రివాల్వర్‌ను 1873లో సైన్యం తీసుకుంది. బొటనవేలితో సుత్తి వెనక్కి లాగితే సిలిండర్ తిరుగుతుంది, తర్వాత ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఆరు గదులున్నా జాగ్రత్తపరులు ఐదే నింపి, సుత్తిని ఖాళీ గది మీద ఉంచేవారు. పొరపాటున కిందపడితే పేలకుండా అదొక్కటే భద్రత.

ఇప్పుడు చరిత్ర. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర సైన్యాధికారి కస్టర్ వెంట ఉన్న సెవెంత్ కావల్రీ (అశ్విక దళం) సైనికుల నడుముకు ఉన్నవి ఇవే. లకోటా, షయెన్ ఆదివాసీ యోధులు ఆ రోజు గెలిచారు, ఈ రివాల్వర్లు తీసుకున్నారు. పడమటి కథ చెప్పే ఆయుధాల్లో రెండు వైపుల చేతుల్లోకీ వెళ్ళిందని ఇంత స్పష్టంగా చూపించగలిగేవి చాలా తక్కువ.

అరిజోనాలోని టూంబ్‌స్టోన్ సంగతి తీసుకోండి. 1881 అక్టోబర్ 26న ఓకే కొరాల్ దగ్గర జరిగిన కాల్పులు ప్రపంచమంతా తెలుసు. అర నిమిషంలో ముప్ఫై దాకా గుళ్ళు, ముగ్గురు చనిపోయారు. తెరమీద చూసినవాళ్ళకు ఆ ఊళ్ళో ప్రతివాడూ తుపాకీతో తిరిగేవాడని అనిపిస్తుంది. అసలు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఊళ్ళో ఆయుధాలతో తిరగకూడదని టూంబ్‌స్టోన్ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ఆయుధాలు తీసుకోవడానికే మార్షల్ (ఊరి పోలీసు అధికారి) వర్గం బయల్దేరింది. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలోనూ తుపాకులు నిషేధమని పెద్ద బోర్డు పెట్టారు. అంటే పడమటి ఊళ్ళు తుపాకీ పట్టుకునే హక్కు గురించీ, ఊరి భద్రత గురించీ ఇప్పుడు జరుగుతున్న గొడవే అప్పుడూ పడ్డాయి.

ఆ రోజుల్లో పశువుల మందలను తోలుకెళ్ళిన కౌబాయ్‌లలో నల్లజాతివాళ్ళు, మెక్సికన్లు చాలామంది. మంద తోలే విద్యే వకేరోలనే మెక్సికన్ పశువుల కాపరుల నుంచి వచ్చింది. తెర మీదకు వచ్చేసరికి వాళ్ళంతా మాయమైపోయారు.

ఇక నన్ను ఒప్పించిన సంగతి చెబుతాను. సైన్యం 1892లోనే దీన్ని వదిలేసింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కోల్ట్ కంపెనీ కూడా తయారీ ఆపేసింది. అప్పటికి మూడున్నర లక్షలకు పైగా చేశారు. పాతబడిన వస్తువు, దాని కాలం అయిపోయింది. అంతలో ఇళ్ళలోకి టీవీ వచ్చింది. ప్రతి సాయంత్రం కౌబాయ్ కథలే. చూసినవాళ్ళంతా ఆ రివాల్వరే కావాలన్నారు. 1953లో రూగర్ కంపెనీ దాని పోలికతో చిన్న రివాల్వర్ తెచ్చింది. లాస్ ఏంజిలెస్‌లో ఇంకో కంపెనీ నకళ్ళు చేయడం మొదలుపెట్టింది. చివరికి 1956లో కోల్ట్ కంపెనీ దాన్ని మళ్ళీ తయారు చేసింది. యుద్ధం అడగలేదు, పోలీసులు అడగలేదు. కథ అడిగింది, ఫ్యాక్టరీ చేసింది. చరిత్రలోంచి కథ పుట్టి, ఆ కథే తిరిగి వస్తువును పుట్టించడం ఈ ఒక్క పిస్టల్ విషయంలోనే ఇంత తేటతెల్లంగా కనిపిస్తుంది. వాకర్‌కు ఈ రెండో జన్మ లేదు. 1911కు అవసరమే రాలేదు, అది ఎప్పుడూ ఆగలేదు.

ఆ కథ మన దాకా కూడా వచ్చింది. కృష్ణ గారు కౌబాయ్‌గా గుర్రమెక్కినప్పుడు అంచుల టోపీ, తూటాల బెల్టు, నడుము పక్కన వేలాడే రివాల్వర్ మన టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టు కుర్రాళ్ళకు కూడా కంఠతా వచ్చాయి. కనెక్టికట్‌లో పుట్టిన ఒక ఇనుప వస్తువు రూపం గుంటూరు, వరంగల్ పిల్లల కర్ర పిస్టళ్ళలోకి చేరింది. ఒక దేశానికి ప్రతినిధి అంటే బయటివాళ్ళు కూడా చూడగానే గుర్తుపట్టాలి కదా.

దీని గురించి రాస్తే ఒక పాత నానుడిని కూడా తరచి చూడాలి. దేవుడు మనుషుల్ని పుట్టించాడు, కోల్ట్ వాళ్ళను సమానం చేశాడు అంటారు ఇక్కడ. బలహీనుడు కూడా బలవంతుడి ముందు నిలబడగలడని దాని భావం. అందులో కొంత నిజముంది. మెంఫిస్‌లో స్నేహితుణ్ణి మూక చంపాక జర్నలిస్టు ఐడా బి. వెల్స్ ముందు చేసిన పని పిస్టల్ కొనుక్కోవడం. కానీ ఆ సమానత్వం అందరికీ దొరకలేదు. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన ఆత్మరక్షణకు తుపాకీ పర్మిట్ అడిగితే ఇవ్వలేదు. ఆ ఏడాదే పీస్‌మేకర్ మళ్ళీ అమ్మకానికి వచ్చింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టమని మా పిల్లకు గట్టిగా చెప్పాను.

నేటి సంగతి కూడా ఒక పేరా ఉండాలి. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఇంట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని తీర్పు చెప్పింది. 2021లో ఈ దేశంలో తుపాకీ గాయాలతో 48,830 మంది చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా ఆత్మహత్యలు. తెరమీది కథలో ఎదురెదురుగా ఇద్దరు నిలబడతారు. లెక్కల్లో మాత్రం ఎక్కువసార్లు ఒక్కరే ఉంటారు. పిస్టల్ గురించి రాస్తూ ఆ సగాన్ని వదిలేస్తే వ్యాసం అబద్ధమవుతుంది.

చూడాలంటే, దగ్గర పెట్టుకోవాలంటే

పుస్తకంలో చదవడం కంటే ఒక్కసారి కళ్ళతో చూస్తే ఎంపిక తేలికవుతుంది. ఈశాన్యంలో ఉన్నవాళ్ళకు హార్ట్‌ఫర్డ్ మంచిది. కోల్ట్ ఫ్యాక్టరీ మీది నీలి గుమ్మటం ఇప్పటికీ ఉంది, అక్కడి కనెక్టికట్ చరిత్ర మ్యూజియంలో కంపెనీ సేకరణ ఉంది. అక్కడి నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్. పాత ప్రభుత్వ ఆయుధాల కర్మాగారం ఇప్పుడు మ్యూజియం, ఒక్క రోజులో రెండూ చూడొచ్చు. టెక్సస్‌లో ఉంటే వేకోలోని రేంజర్ల మ్యూజియం, యూటాలో ఉంటే ఆగ్డెన్ పాత రైల్వే స్టేషన్‌లోని బ్రౌనింగ్ మ్యూజియం. ఎల్లోస్టోన్ టూరు వేసుకునేవాళ్ళు కోడీలో ఒక పూట ఆగండి, తుపాకుల చరిత్రకు అక్కడున్న మ్యూజియం చాలా పెద్దది.

మ్యూజియం చూసి మనసు పడి కొనాలనుకునే మనవాళ్ళకు ఒక హెచ్చరిక. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. మినహాయింపులు కొన్నే, అవి లాయర్‌ను అడగకుండా నమ్ముకోవద్దు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటిని ఫెడరల్ చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరు. వీసా కంటే ఏ కోల్టూ ఎక్కువ కాదు.

పోయిన ఆదివారం మళ్ళీ అందరం కాల్‌లో కలిశాం. బావగారు ఒప్పుకోలేదు. "74 ఏళ్ళు పనిచేసినదాన్ని వదిలి 19 ఏళ్ళకే సైన్యం వద్దన్నదాన్ని పట్టుకున్నావేంటయ్యా?" అన్నారు. అడిగింది మంచి పిస్టల్ గురించే అయితే మీదే గెలుపు బావగారూ అన్నాను. అన్నయ్య వాకర్ సిలిండర్ మీది బొమ్మ ఫోటో పంపాడు, దాన్ని వ్యాసంలో ఎక్కడో ఒకచోట పెట్టమన్నాడు. పిల్ల మాత్రం అప్పటికే ప్రొఫెసర్‌కు పేరు ఇచ్చేసింది. మొదటి పేరా చదివి వినిపించింది. అది 1873లో మొదలుకాలేదు. 1956లో, టీవీ ముందు కూర్చున్న ఒక కుటుంబంతో మొదలైంది.